పేరు ఒకటే, నెట్‌వర్క్‌లు రెండు: ఒక ఇంటి మెష్ వైఫై కేసు

ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నెట్‌వర్క్ పెట్టడం, అది మొరాయిస్తే సరిచేయడం నా పని. ఈ కేసులో ఒక్క పరికరం కూడా చెడిపోలేదు. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు పెట్టినా మంచి అంకెలే వచ్చాయి. అయినా ఇంటిల్లిపాదీ నెలల తరబడి విసిగిపోయారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాసిపెడుతున్నాను. ఇల్లు ఎవరిదో తెలియకుండా కొన్ని వివరాలు వదిలేశాను, సాంకేతిక విషయాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేపథ్యం

మూడంతస్తుల ఇల్లు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్ కింది హాల్లో ఒక మూల ఉంటుంది. పై అంతస్తుకు దాని సిగ్నల్ అందక మూడు నోడ్ల మెష్ సెట్ తెచ్చుకున్నారు. మెష్ అంటే ఒకే వైఫైని ఇల్లంతా పంచే పెట్టెల జట్టు, అందులో ఒక్కో పెట్టె ఒక నోడ్. డ్యుయల్ బ్యాండ్ సెట్, అంటే 2.4 గిగాహెర్ట్జ్‌కు ఒక రేడియో, 5 గిగాహెర్ట్జ్‌కు ఒక రేడియో. కంపెనీ రౌటర్ నుంచి పొడవాటి కేబుల్ లాగి మెయిన్ నోడ్‌ను మెట్ల దగ్గర పెట్టారు. మిగతా రెండూ పై అంతస్తుల్లో ఒక్కోటి.

మెష్‌కు పేరు పెట్టేటప్పుడు పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండూ అలాగే ఉంచారు. ఇంట్లో ప్రింటర్, టీవీ, స్మార్ట్ ప్లగ్గులు, ఫోన్లు అన్నీ కలిపి ఇరవైకి పైగా పరికరాలున్నాయి. అన్నింటినీ మళ్లీ మొదటినుంచి కలపడం ఎందుకని అలా చేశారు. తెలివైన పనే, నేనైనా అదే చెబుతాను. దానికో షరతుంది, ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఫిర్యాదు

"మెష్ పెట్టినప్పటి నుంచి పరికరాలు వాటంతట అవే వదిలేస్తున్నాయండి" అన్నారు. ఇలాంటి మాట మీద పని మొదలుపెడితే దారి తప్పుతాం. ఏ పరికరం, ఇంట్లో ఎక్కడ ఉన్నప్పుడు, ఏం చేస్తుండగా అని ఒక్కోటీ అడిగి కాగితం మీద రాసుకున్నాను. తేలినవి ఇవి. ఫోన్ నుంచి ప్రింట్ ఇస్తే ఒక్కోసారి ప్రింటర్ కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు. ఫోన్‌లోని వీడియోను టీవీ మీదికి పంపడమూ అంతే. వీడియో కాల్ మాట్లాడుతూ ఇంట్లో నడిస్తే కాల్ తెగిపోతుంది, మళ్లీ చేరాలి. పై అంతస్తులో చదువుకునే గదిలో కదలకుండా కూర్చున్నా సాయంత్రాలు బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

ఇంకో రెండు విషయాలు మాటల మధ్యలో దొర్లాయి. మెష్ యాప్ మంచిది కాదట, వీడియో నడుస్తున్న ఫోన్‌ను కూడా ఆఫ్‌లైన్ అని చూపిస్తుందట. రెండోది, పిల్లాడి టాబ్లెట్‌కు రాత్రి నెట్ ఆగిపోయేలా యాప్‌లో టైమ్ పెట్టారు. కానీ వాడు ఆ టైమ్ దాటాక కూడా హాల్లో సోఫా మీద కూర్చుని హాయిగా ఆడుకుంటున్నాడట. దాని మీద వాడి నుంచి మాత్రం ఏ ఫిర్యాదూ లేదు.

ఈ రెండింటినీ ఇంట్లోవాళ్లు సమస్యల కింద లెక్కవేయలేదు. చివరికి చూస్తే అసలు ఆధారాలు ఇవే.

అప్పటికే చేసి చూసినవి

నన్ను పిలిచేలోగా వాళ్లు చాలానే చేశారు. అన్నీ రీస్టార్ట్ చేశారు. మెష్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ పెట్టారు. ప్రింటర్‌కు మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే చిరునామా) కేటాయించారు. ఎవరో చెప్పారని వైఫై సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతికి మార్చారు. దాంతో ప్లగ్గులన్నీ ఒక్కసారిగా పోయాయి. చవక ప్లగ్గుల్లో చాలావాటికి డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. వెనక్కి మార్చాక అవి వచ్చేశాయి కానీ, "ప్లగ్గులు కూడా పోతున్నాయి" అన్న మాట ఫిర్యాదుల్లో కలిసిపోయింది. అది రోగం కాదు, మందు తెచ్చిన బాధ. అలాంటివాటిని లెక్కలోంచి తీసేయకపోతే కేసు అనవసరంగా పెద్దదైపోతుంది.

ఇవేవీ ఫలించక నాలుగో నోడ్ కొని చదువుకునే గదిలోనే పెట్టారు. పైన పరిస్థితి ఇంకా దిగజారింది.

రీస్టార్ట్ గురించి ఒక చిన్న వివరం అడిగి తెలుసుకున్నాను. అన్నీ ఒకేసారి ఆపి వేసిన రోజున ప్రింటర్ గొడవ తగ్గుతుందా, పెరుగుతుందా? పెరుగుతుందన్నారు. మామూలుగా రీస్టార్ట్ చేస్తే కాసేపైనా బాగుండాలి. రీస్టార్ట్‌తో పెరిగే సమస్య అంటే, ఏది ముందు లేచి నిలబడుతుందన్న వరసకు దీనితో ఏదో సంబంధం ఉందన్నమాట. అప్పటికి కారణం తెలియలేదు, కాగితం మీద మాత్రం రాసుకున్నాను.

దారిని ముక్కలు చేసి చూడడం

ఫోన్ నుంచి నోడ్‌కు, నోడ్ నుంచి మెయిన్ నోడ్‌కు, అక్కడి నుంచి బయటికి. దారిలో ఈ మూడు ముక్కలున్నాయి. ఏ ముక్కలో తేడా ఉందో తెలియకుండా సెట్టింగులు ముట్టుకోకూడదు.

మెయిన్ నోడ్ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ముందు మెయిన్ నోడ్‌కు, తర్వాత బయటి సర్వర్‌కు పింగ్ నడిపాను, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూశాను. రెండూ నిలకడగా ఉన్నాయి. అంటే బయటి దారి శుభ్రం. పై గదిలోకి వెళ్లి అదే చేస్తే మెయిన్ నోడ్‌కే పింగ్ ఎగిరెగిరి పడింది, మధ్యలో కొన్ని ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోయాయి కూడా. లాప్‌టాప్‌కు, పక్కనున్న నోడ్‌కు మధ్య సిగ్నల్ మాత్రం దివ్యంగా ఉంది. కాబట్టి తేడా నోడ్‌కు, నోడ్‌కు మధ్య. ఫోన్ మీది గీతలు దగ్గరి నోడ్ దాకా ఉన్న సంగతే చెబుతాయి, ఆ నోడ్ వెనక ఎంత కష్టపడుతోందో చెప్పవు.

అలా పై గది సమస్య విడిగా తేలింది. దాన్ని పక్కన పెట్టి, నడుస్తుంటే కాల్ తెగడం మీద పడ్డాను. రెండూ ఒకే కారణంతో వస్తున్నాయని అనుకోవడానికి ఆధారం లేదు. రెండింటినీ కలిపి చూస్తే ఒకదాని లక్షణం ఇంకోదాన్ని కప్పేస్తుంది.

తేలిపోయిన అనుమానాలు

నడిచేటప్పుడు కాల్ తెగితే ఈ పనిలో ఎవరికైనా ముందు తట్టేది రోమింగ్. ఒక నోడ్‌ను వదిలి ఇంకో నోడ్‌కు ఎప్పుడు మారాలన్నది మెష్ కాదు, ఫోనే నిర్ణయించుకుంటుంది. 802.11k, 802.11v అనే వైఫై పద్ధతులతో నోడ్లు పొరుగు నోడ్ల వివరాలు ఇవ్వగలవు, ఫలానా చోటికి మారమని సూచించగలవు, అంతే. కొన్ని ఫోన్లు సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దూరమయ్యేకొద్దీ బలహీనం) దగ్గరికి పడేదాకా వేరే నోడ్ కోసం వెతకనే వెతకవు. పాత నోడ్‌నే పట్టుకుని వేలాడే ఫోన్లు మనకు తెలియనివి కావు.

802.11r అనే మూడో పద్ధతి ఇలా మారడాన్ని త్వరగా ముగిస్తుంది. పాత పరికరాలు కొన్ని దానితో తికమకపడతాయి. అందుకని యాప్‌లో ఫాస్ట్ రోమింగ్ ఆపి నడిచి చూశాం. తేడా లేదు. దాన్ని మళ్లీ ఆన్ చేశాను.

తర్వాత ఛానల్. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను రాడార్లతో పంచుకోవాలి. రాడార్ జాడ తగిలితే నోడ్ వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. అలా ఖాళీ చేసినప్పుడు కాల్స్ ఊగుతాయి. ఇక్కడ మెష్ ఆ శ్రేణిలోనే ఉంది కాబట్టి 36కి మార్చి చూశాను. కాల్ అక్కడే తెగింది.

ప్రతిసారీ ఒక్కటే మార్చడం, ఫలితం లేకపోతే వెనక్కి పెట్టడం చాదస్తంగా కనబడవచ్చు. కానీ నాలుగు మార్చాక బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, ఆ ఇంట్లో ముందు జరిగిన గందరగోళం కూడా అదే.

మలుపు

కాల్ "అక్కడే" తెగింది అన్నానే, ఆ మాట దగ్గర ఆగాను. తెగుతున్నది ప్రతిసారీ మెట్ల దగ్గర నుంచి హాల్లోకి అడుగుపెట్టాకే. ఆ క్షణంలో ఫోన్ మీద గీతలు నిండుగా ఉన్నాయి. పాత నోడ్‌ను వదలని ఫోన్ అయితే సిగ్నల్ పడిపోతూ, మాట అరిగిపోతూ తెగాలి. ఇక్కడ సిగ్నల్ పెరిగాక తెగుతోంది.

ఇంకోటి, కాల్ ఆగి మళ్లీ సాగడం లేదు. పూర్తిగా తెగి, మళ్లీ చేరాల్సి వస్తోంది. ఒకే మెష్‌లో నోడ్ నుంచి నోడ్‌కు మారితే ఫోన్ ఐపీ అడ్రస్ మారదు. క్షణకాలం తడబడినా కాల్ కొనసాగుతుంది. పూర్తిగా తెగిందంటే అడ్రస్ మారి ఉండాలి. అది చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఫోన్ వైఫై వివరాల పేజీలోనే ఉంటుంది. మెట్ల దగ్గర గేట్‌వే, అంటే ఫోన్‌ను బయటికి పంపే రౌటర్ అడ్రస్, 192.168.10.1. హాల్లో 192.168.1.1. పైన కనబడే వైఫై పేరు రెండుచోట్లా ఒకటే.

హాల్లో మెష్ కాని మరో నెట్‌వర్క్ అదే పేరుతో నడుస్తోంది. వైఫై అనలైజర్ యాప్ తెరిచి ఆ పేరుతో ఉన్నవాటిని వరసగా చూశాను. ప్రతి రేడియోకు బీఎస్ఎస్ఐడీ అని సొంత అడ్రస్ ఉంటుంది. దాని మొదటి మూడు జతలు తయారీదారును సూచిస్తాయి. నోడ్లన్నిటివీ ఒక తీరుగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం పూర్తిగా వేరు. (ఒకే పరికరం అదనపు నెట్‌వర్క్‌లు ప్రసారం చేసేటప్పుడు మొదటి జతలో రెండో అంకెను మార్చుకోవడం మామూలే. అందుకని మొదటి జత ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, తర్వాతి జతలు కూడా పోల్చండి.) ఆ వేరే రేడియో 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ఉంది.

కంపెనీ రౌటర్ పేజీ తెరిచాం. "దీని వైఫై ఆ రోజే ఆపేశానండి" అన్నారు ఇంటాయన. నిజంగానే ఆపారు, కానీ 2.4 గిగాహెర్ట్జ్‌ది. ఆ పేజీలో రెండు బ్యాండ్లకు వేర్వేరు ట్యాబులు. తెరవగానే కనబడేది మొదటిది. రెండోదాన్ని తెరిస్తే తప్ప 5 గిగాహెర్ట్జ్ నడుస్తోందని తెలియదు. ఎవరికైనా జరిగే పనే.

అన్నీ అతుక్కున్న తీరు

ఇక్కడ నాకు నచ్చిన భాగం ఇదే. విడివిడిగా విచిత్రంగా కనబడినవన్నీ ఒకే కారణం కింద కూర్చున్నాయి.

ప్రింటర్‌కు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. కాబట్టి ఎప్పుడూ మెష్ లోపలే ఉంటుంది. ఫోన్ మెట్ల దగ్గరో పైనో ఉంటే అదీ లోపలే, ప్రింటర్ కనబడుతుంది. హాల్లోకి వస్తే ఫోన్ కంపెనీ రౌటర్‌కు మారి మెష్‌కు బయట పడుతుంది. మెష్ మెయిన్ నోడ్ చేసే న్యాట్ (లోపలి పరికరాలన్నింటినీ ఒకే అడ్రస్ మీద బయటికి పంపే పద్ధతి) ఒక వైపుకే తెరుచుకునే తలుపు లాంటిది, లోపలివి బయటికి వెళ్లగలవు, బయటివి తమంతట తాము లోపలికి రాలేవు. పైగా ప్రింటర్ తన ఉనికిని చాటుకునే మల్టీకాస్ట్ ప్రకటనలు రౌటర్ గోడ దాటవు. అందుకే ప్రింటర్‌కు మారని ఐపీ ఇచ్చినా లాభం లేకపోయింది. మెష్ లోపలే ఉన్న టీవీ విషయమూ ఇంతే.

ప్లగ్గులు 2.4 గిగాహెర్ట్జ్‌వి, కనుక వాటికి ఈ బాధ ఎప్పుడూ లేదు. స్పీడ్ టెస్ట్ బాగుండడంలో వింత లేదు, హాల్లో ఫోన్ నేరుగా కంపెనీ రౌటర్‌తోనే మాట్లాడుతోంది. యాప్ ఆ ఫోన్‌ను ఆఫ్‌లైన్ అనడం అబద్ధం కాదు, దాని లెక్కలో ఆ ఫోన్ నిజంగానే లేదు. పిల్లాడి టాబ్లెట్‌ను ఆపే టైమర్ మెష్‌లో ఉంది, సోఫా దగ్గర టాబ్లెట్ మెష్‌లో లేదు. రీస్టార్ట్ చేస్తే ఎక్కువ కావడానికి కారణం, కంపెనీ రౌటర్ ముందు లేస్తుంది, నోడ్లు ఒకదాన్నొకటి వెతుక్కుని లేచేసరికి ఆలస్యమవుతుంది. ఆలోపు ఫోన్లన్నీ రౌటర్‌కు అతుక్కుంటాయి.

ఏం చేయాలన్న ఆలోచన

5 గిగాహెర్ట్జ్ ట్యాబులో స్విచ్ ఆపేస్తే చాలదా? చాలావరకు చాలు. కానీ ఆపాక ఏమవుతుందో ముందే చూసుకోవాలి. హాల్‌కు ఇన్నాళ్లూ సిగ్నల్ ఇస్తున్నది ఆ రౌటరే. ఆపి కొలిస్తే హాల్ చివర సిగ్నల్ మైనస్ 70 కంటే కిందికి పడింది. అలా వదిలేస్తే "బాగుచేశాక ఇంకా పాడైంది" అన్న ఫోన్ మర్నాడే వస్తుంది. అందుకని మెయిన్ నోడ్‌నే హాల్లోకి తెచ్చి, మూసిన అల్మరాలో కాకుండా తెరిచి ఉన్న అర మీద పెట్టాం. మధ్య నోడ్‌ను పడకగదిలోంచి మెట్ల పైకి జరిపాం.

పుస్తకం ప్రకారం ఇంకా శుభ్రమైన మార్గాలు రెండున్నాయి. కంపెనీ రౌటర్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం (అది రౌటర్ పని మానేసి మెష్‌కు దారి ఇస్తుంది) ఒకటి, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం (మెష్ రౌటర్ పని మానేసి వైఫై మాత్రమే ఇస్తుంది) ఇంకోటి. ఏది చేసినా రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి న్యాట్ చేయడం తప్పుతుంది. రెండూ వద్దనుకున్నాం. కంపెనీ రౌటర్‌కు ఇంటి ల్యాండ్‌లైన్ ఫోన్ తగిలించి ఉంది, బ్రిడ్జ్ చేస్తే దాని గతి ఏమిటో కంపెనీని అడగాలి, లాగిన్ వివరాలూ తీసుకోవాలి. మెష్‌ను యాక్సెస్ పాయింట్‌గా మారిస్తే ఆ సెట్‌లో పిల్లల టైమర్ పనిచేయదు, తల్లిదండ్రులకు అదే ముఖ్యం. డబుల్ న్యాట్‌తో ఇబ్బంది పడేవి పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఇంట్లోని ఒక పరికరానికి దారి తెరవడం), కొన్ని ఆన్‌లైన్ ఆటలు. ఆ ఇంట్లో రెండూ లేవు. లేని బాధ కోసం ఉన్న సౌకర్యం తీసేయడం నాకు సరైన పని అనిపించలేదు.

పై గది

ఇక పక్కన పెట్టిన సమస్య. డ్యుయల్ బ్యాండ్ మెష్‌లో నోడ్ తన వెనకవైపు, అంటే ముందున్న నోడ్‌తో, సంభాషణకు, ఫోన్లతో సంభాషణకు ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియోను వాడుకుంటుంది. ప్రతి ప్యాకెట్ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, కనుక నోడ్ నుంచి నోడ్‌కు వేసే ఒక్కో గెంతుకు వేగం సుమారు సగమవుతుంది. నాలుగో నోడ్ మూడోదాన్ని, మూడోది రెండోదాన్ని పట్టుకుని ఉన్నాయి. సాయంత్రం అందరూ ఇంట్లో ఉండి వీడియోలు చూస్తుంటే ఆ గొలుసు చివర కాల్ నిలబడకపోవడం సహజం. సిగ్నల్ చచ్చిపోయిన గదిలో నోడ్ పెడితే ఆ నోడ్‌కే సిగ్నల్ ఉండదు. దాని చోటు, సిగ్నల్ ఇంకా బాగా ఉన్న సగం దారిలో. నాలుగో నోడ్ తీసేశాం. అంతటితోనే పింగ్ కొంత కుదుటపడింది.

ఒకప్పుడు పై గదిలోని కంప్యూటర్ కోసం వేసిన నెట్‌వర్క్ కేబుల్ గోడలో అలాగే ఉంది. మూడో నోడ్‌ను దానికి తగిలిస్తే గాలిలో గెంతులే ఉండవు. అయితే కేబుల్ కింది కొస కంపెనీ రౌటర్‌లో గుచ్చి ఉంది. దాన్ని చూడకుండా పై కొసను నోడ్‌కు పెట్టి ఉంటే, ఆ నోడ్ గాలి ద్వారా మెష్ లోపలికి, తీగ ద్వారా మెష్ బయటికి, రెండువైపులా కలిసేది. ఫోన్లకు అడ్రసులు ఇచ్చేవి రెండై, ఏది ముందు జవాబిస్తే దాని అడ్రస్ వచ్చేది. మొదటి సమస్యే ఇంకా మొండి రూపంలో తిరిగొచ్చేది. కింది కొసను మెయిన్ నోడ్ పోర్టులోకి మార్చాకే పై కొస తగిలించాను. మెయిన్ నోడ్ ఇప్పుడు హాల్లోనే ఉంది కనుక కేబుల్ అందింది కూడా.

లింక్ 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది, 1000 రావాలి. వందకు రెండు జతల తీగలు చాలు, వెయ్యికి నాలుగూ కావాలి. టెస్టర్ పెడితే ఒక జత ప్లగ్ దగ్గరే తెగి ఉంది. కొస కత్తిరించి కొత్త ప్లగ్ నొక్కాను, 1000 వచ్చింది. కాల్స్‌కు వంద సరిపోయేదే. కానీ సగం తెగిన ప్లగ్ అలాగే ఉండిపోదు, ఎప్పుడో ఒకరోజు పూర్తిగా తెగుతుంది.

తర్వాత కాల్ మాట్లాడుతూ మూడంతస్తులూ తిరిగి చూశాం, తెగలేదు. హాల్లోంచి ప్రింట్ వెళ్లింది. కొన్ని వారాల తర్వాత కనుక్కుంటే పెద్దవాళ్లకు ఇబ్బందేమీ లేదన్నారు. టాబ్లెట్ సోఫా మీద కూడా టైమ్‌కు ఆగిపోతోందట.

నాకు మిగిలినవి

మెష్ ఇంట్లో "పరికరం వదిలేస్తోంది" అంటే ఇప్పుడు నేను ముందు అడిగేది, బాగున్న చోట గేట్‌వే ఎంత, బాగాలేని చోట ఎంత అని. ఫోన్‌లోనే ఫొటో తీసి పంపగలరు. రెండూ వేరైతే రోమింగ్, ఛానల్, సిగ్నల్ జోలికి పోనక్కర్లేదు. రెండూ ఒకటే అయితే అప్పుడు ఆ దారి పట్టవచ్చు.

బాధపడని పరికరాల జాబితా కూడా రాసుకుంటున్నాను. ఈ ఇంట్లో ప్లగ్గులకు ఏమీ కాకపోవడం, ఫోన్లు, లాప్‌టాప్‌లే ఇబ్బందిపడడం కలిపి చూస్తే 5 గిగాహెర్ట్జ్ వైపు వేలు అప్పుడే చూపుతోంది. డబ్ల్యూపీఏ3 సంఘటన ఆ గీతను చెరిపేసింది కనుక, ఏ ఫిర్యాదు ఏ మార్పు తర్వాత మొదలైందో తేదీలతో అడగడం అవసరం.

పాత పేరునే కొత్త మెష్‌కు పెట్టమని ఇప్పటికీ చెబుతాను. షరతు ఒక్కటే, పాత రౌటర్‌లో రెండు బ్యాండ్లూ ఆగాలి. ఆగాయని దాని సెట్టింగుల పేజీ చూసి కాదు, ఆ రౌటర్ పక్కన నిలబడి అనలైజర్‌లో చూసి తేల్చుకోవాలి. ఇంటర్నెట్ కంపెనీ రేపు రౌటర్ మార్చినా, రీసెట్ చేసినా దాని వైఫై మళ్లీ ఆన్ అవుతుంది. అప్పుడు ఫ్యాక్టరీ పేరుతో వస్తుంది కాబట్టి వెంటనే ప్రమాదం లేదు. వచ్చినతను సాయం చేస్తున్నాననుకుని "మీ పాత పేరే పెట్టేయనా?" అంటే మాత్రం వద్దనమని ఇంట్లో అందరికీ చెప్పి, అదే మాట ఒక చీటీ మీద రాసి రౌటర్‌కు అంటించి వచ్చాను.